గెలిచినవాళ్లు పట్టుకెళ్లే బంతి

నా భార్య పోయిన ఐదారు నెలలకి ఆమె కార్ అమ్మేద్దామని డిక్కీ ఖాళీ చేస్తుంటే ఒక మడత కుర్చీ దొరికింది. కుర్చీ కాళ్లకు ఎండిన గడ్డి అంటుకుని ఉంది. అది ఏ పార్కు గడ్డో నాకు తెలుసు. ఆ పార్కును మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి నుంచి ఇరవై నిమిషాలు డ్రైవ్ చేస్తే వస్తుంది ఆ పార్కు. వేసవి శనివారాల్లో ఒక క్లబ్ వాళ్లు అక్కడ బేస్‌బాల్ ఆడతారు. టీవీలో చూసే బేస్‌బాల్ కాదు. నూటయాభై ఏళ్లకు పైబడిన నిబంధనలతో, అప్పటి మర్యాదలతో ఆడే ఆట. ఎవరి చేతికీ గ్లవ్స్ ఉండవు. బంతి వేసేవాడు చేతిని కిందినుంచి ఊపి, కొట్టేవాడు అడిగిన ఎత్తులో వేస్తాడు. ఆడేవాళ్లలో ఎవరికీ ఇది వృత్తి కాదు. కెప్టెన్ ప్లంబరు. ఒకాయన హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. ఇద్దరు ముగ్గురు నాలాగే కార్ల కంపెనీల్లో పనిచేసి రిటైరైనవాళ్లు.

నా భార్య వీళ్లకు బంతులు కుట్టేది. ముప్ఫై ఏళ్లు సర్జన్‌గా పనిచేసి రిటైరైన ఏడాది, లైబ్రరీ నోటీస్ బోర్డు మీద చేత్తో తోలు కుట్టగలవాళ్లు కావాలన్న కాగితం చూసింది. "ఇన్నాళ్లూ మనుషుల తోలు కుట్టాను, ఇదెంత?" అని ఆ నంబరుకు ఫోన్ చేసింది. ఆ కాలపు బంతికి ఇప్పటిలా రెండు తోలు ముక్కలు ఉండవు. నాలుగు రేకులుగా కత్తిరించిన ఒకే ముక్క ఉంటుంది. గట్టిగా చుట్టిన నూలుండ చుట్టూ దాన్ని మూసి, రేకుల అంచులు కలిపి కుట్టాలి. బత్తాయి తొక్కని నాలుగు చీలికలుగా ఒలిచి, మళ్లీ కాయకి తొడిగినట్టు ఉంటుంది. ఆమె డైనింగ్ టేబుల్ మీద రెండు సూదులతో కుట్టేది. నేను ఎదురు కుర్చీలో ఆ ఆట చరిత్ర చదివేవాణ్ని. లైబ్రరీలో దొరికినవన్నీ తెచ్చాను. బ్యాట్ పొడవెంత ఉండాలో, బంతి బరువెంతో నన్నడిగితే చెప్పగలిగేవాణ్ని.

"ఈ శనివారమైనా వస్తారా?" అనేది.

"ఇంకో పుస్తకం ఉంది, అది అయ్యాక."

"పెళ్లికి వెళ్లకుండా శుభలేఖ చదువుకుంటూ కూర్చునే మనిషి మీరు."

ఆ నిబంధనల్లో ఒకటి ఆమెకి బాగా నచ్చింది. బంతి ఒకసారి నేలకు తగిలి లేచాక పట్టుకున్నా, కొట్టినవాడు ఔటే. గుంటూరులో వాళ్ల వీధిలో అన్నయ్యలతో ఆడిన క్రికెట్‌లో ఇదే రూలు, వన్ పిచ్ ఔట్. "ఈ రూలు పెట్టి నన్ను ఎన్నిసార్లు ఔట్ చేశారో! ఇక్కడ ఒకటే తేడా. ఒకసారి తగిలిందో రెండుసార్లు తగిలిందో అంపైర్‌కి తెలియకపోతే, పట్టుకున్నవాణ్నే అడుగుతాడు. వాడు నిజం చెబుతాడు" అంది.

"మీ వీధిలో అడిగితే?"

"మా వీధిలో బ్యాటింగ్ వాళ్లే అంపైర్లు. అడగడమెందుకు, అరవడమే."

ఆఖరి బంతి జనవరిలో మొదలుపెట్టింది. అప్పటికి కీమో వల్ల ఆమె వేళ్లు మొద్దుబారాయి. సూది గుచ్చుకున్నా తెలిసేది కాదు. రక్తం కనపడితే తెలిసేది. అంతకుముందు రెండు సాయంత్రాల్లో అయ్యే పని మార్చి దాకా పట్టింది. మొదటి మూడు అంచులూ ఎప్పటిలాగే ఉన్నాయి. నాలుగో అంచు కుట్లు ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా పడ్డాయి. విప్పి మళ్లీ కుడతానంది. కుట్టలేదు. ఆ నెలాఖరున పోయింది.

సెప్టెంబరులో, నేను కుర్చీ చూసిన వారానికి, క్లబ్ కెప్టెన్ ఫోన్ చేశాడు. సీజన్‌లో చివరి ఆట డాక్టర్ గారి బంతితో ఆడాలని వాళ్ల కోరిక. ఇంట్లో ఇంకొకటి ఉందని ఆమె చెప్పిందట.

"ముందే ఒక మాట చెప్పాలి" అన్నాడు. "ఆట మొత్తానికి ఒకటే బంతి. అయిపోయాక అది గెలిచినవాళ్లకి వెళుతుంది. అదే ఆచారం. మేం గెలిస్తే మా అద్దాల అల్మారాలో పెడతాం, మీరు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు. ఓడితే వాళ్లు పట్టుకెళతారు. వాళ్ల ఊరు రెండు గంటల దూరం. మీకు ఇష్టం లేకపోతే వేరే బంతి ఉంది. ఎవరూ ఏమీ అనుకోరు."

ఆచారం సంగతి నేను చదివాను. ఆలోచించి చెబుతానన్నాను.

ఆ సాయంత్రమే ఇంకో ఫోన్ వచ్చింది. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ కార్ల కంపెనీలో పనిచేస్తున్న ఇంజినీరు, ముప్ఫై రెండేళ్లవాడు. మా ఇంట్లో ఒకసారి భోజనాలప్పుడు నా భార్యే అతన్ని ఈ క్లబ్‌లోకి లాగింది. మైదానంలో ఎడమవైపు దూరంగా నిలబడి ఫీల్డింగ్ చేస్తాడు.

"అంకుల్, ఇయ్యకండి. ఆంటీ లాస్ట్ బాల్ అది. ఓడిపోతే పోయినట్టే."

"మీరు ఓడిపోతారా?"

"వాళ్లు మస్తు ఆడతరు అంకుల్. లాస్ట్ ఇయర్ మమ్మల్ని ఉతికిండ్రు."

రెండు రోజులు బంతి ఉన్న సొరుగు తెరుస్తూ మూస్తూ ఉన్నాను. అది నాకు మిగలాలని ఉంది. కానీ సొరుగులో పెట్టడానికైతే ఆమె అన్ని నెలలు కుట్టనక్కర్లేదు. కెప్టెన్‌కి సరేనని చెప్పి, శనివారం బంతినీ కుర్చీనీ తీసుకుని వెళ్లాను.

పుస్తకాల్లో లేనివి చాలా ఉన్నాయక్కడ. వట్టిచేతులతో బంతి పట్టుకున్నప్పుడు చప్పుడు ఎలా ఉంటుందో ఏ పుస్తకమూ చెప్పలేదు. చెంపదెబ్బలా వినిపిస్తుంది. ప్లంబరు కెప్టెన్‌కి కుడిచేతి చిటికెన వేలు వంకరగా ఉంది. ఎలా అయిందని అడిగితే, "రెండుసార్లు విరిగింది. రెండోసారి డాక్టర్ గారే ఇక్కడే గడ్డి మీద కూర్చోబెట్టి కట్టుకట్టారు. తిడుతూ కట్టారు" అన్నాడు. ఏ భాషలో తిట్టిందని అడిగాను. "ఇంగ్లీష్ కాదు" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట నాతో అననేలేదు ఆమె.

కుర్చీ ఎక్కడ వేసుకోవాలని అడిగితే మైదానం ఎడమవైపు హద్దుగీత చివరికి చూపించాడు. "ఆమె అక్కడే కూర్చునేవారు. నీడ ఉండదు. ఎందుకో మరి, అక్కడే." కూర్చున్నాక ఎందుకో తెలిసింది. మన వరంగల్ అబ్బాయి నిలబడే చోటుకి అదే దగ్గర. మాట్లాడుకోవచ్చు.

నాణెం ఎగరేశారు. అవతలివాళ్లు రెండో బ్యాటింగ్ తీసుకున్నారు. నల్లకోటు, పొడుగు టోపీతో అంపైర్ ఒక పక్కగా నిలబడ్డాడు. ఎవరైనా మూడు బేస్‌లూ చుట్టి 'ఇల్లు', అంటే బ్యాట్ పట్టి నిలబడ్డ చోటు, తిరిగి చేరితే ఒక పరుగు, కానీ నేరుగా వెళ్లి కూర్చోడు. స్కోరు రాసే బల్ల దగ్గరికి వెళ్లి అక్కడున్న గంట మోగించి, తన పరుగు రాయమని మర్యాదగా అడగాలి. మంచి క్యాచ్ పడితే అవుటైనవాడే టోపీ తీస్తాడు. వీళ్లు నాటకం ఆడుతున్నారా, నిజంగానే ఇలా ఉన్నారా అని మొదటి గంట అంతా గమనించాను. తేల్చుకోలేకపోయాను. బహుశా రోజంతా ఆడితే నాటకం అలవాటవుతుంది.

నేను మాత్రం ఆట సరిగ్గా చూడలేదనే చెప్పాలి. బంతినే చూశాను. అందరూ పరిగెత్తేవాళ్లను చూస్తుంటే నేను బంతి ఎక్కడుందో చూసుకుంటున్నాను. బ్యాట్ తగిలిన ప్రతిసారీ నాలుగో అంచు ఊడుతుందేమోనని భయపడ్డాను. ఊడలేదు. మధ్యాహ్నానికి బంతి నల్లబడి, మెత్తబడింది.

ఆఖరి ఇన్నింగ్స్‌కి మావాళ్లు ఒక్క పరుగు ముందున్నారు. ఎప్పటినుంచి వాళ్లు మావాళ్లయ్యారో తెలియదు. అవతలివాళ్లలో ఇద్దరు ఔటయ్యారు. ఇద్దరు మధ్య దారిలో ఉన్నారు, రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు. ఇంకొకడు ఔటైతే ఆట మాది, బంతి ఇక్కడే ఉంటుంది.

"అంకుల్, వీడు నా దిక్కే కొడతడు" అన్నాడు ఎడమవైపు నుంచి మనవాడు.

"అయితే పట్టుకో."

"ఆంటీ అయితే 'కాళ్లు కదుపు' అని ఒర్లేది."

"కాళ్లు కదుపు."

నిజంగానే అటే కొట్టాడు. బంతి ఎత్తుగా లేవలేదు. మా ఇద్దరి మధ్యకి వాలుగా వచ్చింది. దారిలో ఉన్న ఇద్దరూ పరుగు మొదలుపెట్టారు. మనవాడు పరిగెత్తుకొచ్చి, వంగి, దాదాపు పడిపోతూ రెండు చేతులతో అందుకుని, బంతిని పైకెత్తి చూపించాడు. మావాళ్లంతా కేక పెట్టారు. అవతలివాళ్లిద్దరూ అప్పటికే ఇల్లు చేరారు గానీ, గంట మోగించకుండా అంపైర్ వైపు చూస్తూ ఆగారు.

అంపైర్ దూరంగా ఉన్నాడు. పైగా మనవాడి వీపు అడ్డం. నడిచి దగ్గరకొచ్చాడు.

"ఒకసారి తగిలిందా, రెండుసార్లా?"

మనవాడు బంతి వైపు చూశాడు. "ఖచ్చితంగా చెప్పలేను. ఎండ కళ్లలో పడింది."

ఎండ మా వెనకవైపు ఉంది. అంపైర్ ఆ సంగతి పట్టించుకోలేదు. నా వైపు తిరిగి టోపీ తీశాడు.

"సర్, మీరు దగ్గర్లో ఉన్నారు. మీరేం చూశారో చెబుతారా? మీ మాటే నా తీర్పు."

ప్రేక్షకుల్లో ఒకరిని అడిగే అధికారం అంపైర్‌కి ఉందని చదివాను. నన్ను అడుగుతారని అనుకోలేదు. మైదానంలో అందరూ నన్నే చూస్తున్నారు. ప్లంబరు కెప్టెన్ మాత్రం కిందికి చూస్తున్నాడు, నా ముఖం చూస్తే నా మీద ఒత్తిడి పెట్టినట్టవుతుందని కాబోలు. నేను సరిగ్గా చూడలేదంటే చాలు. డెబ్బై ఏళ్లవాణ్ని, కళ్లజోడు ఉంది, ఎవరూ అనుమానించరు. పట్టుకున్నవాడి పక్షానే తీర్పు వచ్చేది. బంతి ఇరవై నిమిషాల దూరంలో ఉండేది.

కానీ ఆ రోజంతా నేను చూసింది అదొక్కటే. గడ్డిలో ఒకసారి పడింది. లేచి, అతని చేతులకి జానెడు ముందు, చాలా కొద్దిగా, మళ్లీ తగిలింది.

"రెండుసార్లు" అన్నాను.

అంపైర్ తల వంచి టోపీ పెట్టుకున్నాడు. అప్పుడు అవతలివాళ్లిద్దరూ ఒకరి తర్వాత ఒకరు గంట మోగించారు. పాత నిబంధన ప్రకారం, పైచేయి వచ్చినా మూడోవాడు ఔటయ్యేదాకా ఆడాలి. తర్వాత కొట్టడానికి వచ్చినవాడు మొదటి బంతికే ఔటయ్యాడు. దాన్ని ఎవరూ చూడలేదు.

రెండు జట్లూ ఎదురెదురుగా వరసలో నిలబడి ఒకరికొకరు మూడుసార్లు జేజేలు పలికారు. మా కెప్టెన్ బంతిని రెండు చేతులతో అవతలి కెప్టెన్‌కి ఇచ్చాడు. ఆయన గడ్డం నెరిసిన పెద్దాయన. బంతిని తిప్పి తిప్పి చూశాడు.

"ఈ ఒక్క వైపు వేరేవాళ్లు కుట్టారా?" అని అడిగాడు.

మా కెప్టెన్ నా వైపు చూశాడు. నేను దగ్గరికి వెళ్లాను.

"ఒక్కరే కుట్టారు. నా భార్య. అప్పటికి ఆమెకి వేళ్లలో స్పర్శ లేదు."

"ఇప్పుడు ఎలా ఉన్నారు?"

"మార్చిలో పోయింది."

ఆయన బంతిని నాకు ఇవ్వబోయాడు. వెనక ఉన్న ఆయన జట్టువాళ్లు కూడా ఇచ్చెయ్ ఇచ్చెయ్ అన్నారు. నేను చేతులు చాపలేదు. "గెలిచింది మీరు" అన్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు. అందుకు ఆయన మీద గౌరవం కలిగింది. బంతి మీద ఆట తేదీ, ఎవరికెన్ని పరుగులో సిరాతో రాస్తామని, ఎక్కడ రాయాలో చెప్పమని అడిగాడు. కుట్లు బాగున్న వైపు రాయమన్నాను. నాలుగో అంచు ఉన్న వైపు అలాగే కనిపించాలి.

తిరిగి వచ్చేటప్పుడు వరంగల్ అబ్బాయి నా కార్ ఎక్కాడు. హైవే ఎక్కాక అన్నాడు:

"సరిగ్గా చూడలే అంటే అయిపోయేది కదా అంకుల్."

"చూశాను కదా."

ఇంకో రెండు ఎగ్జిట్లు దాటాయి.

"నేను గూడ చూసిన. రెండుసార్లే. ఎండ గిండ ఏం లేదు."

"తెలుసు. ఎండ మన వెనక ఉంది."

"ఆంటీ ఉంటే ఏమనేది?"

"నిన్నా, నన్నా?"

"నన్నే."

"'మా వీధివాడివే' అనేది."

అతనికి అర్థం కాలేదు. గుంటూరు వీధి సంగతి చెప్పాను. వన్ పిచ్ ఔటు, అన్నయ్యలు, బ్యాటింగ్ వాళ్లే అంపైర్లు కావడం, అన్నీ చెప్పాను. నవ్వాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నేను రోడ్డు చూసుకున్నాను.

దిగేముందు అడిగాడు, "వాళ్ల అల్మారా చూస్తందుకు పోదామా అంకుల్, వచ్చే సమ్మర్? జూన్‌లో మనకు అక్కడ మ్యాచ్ ఉంది."

"నువ్వు డ్రైవ్ చేస్తానంటే వస్తాను. అక్కడ కుర్చీలు ఉంటాయా, మనమే తీసుకెళ్లాలా?"

"మనదే తీస్కపోవాలె."

ఆమె కార్ ఇంకా అమ్మలేదు. కుర్చీని గడ్డి దులపకుండానే మడిచి మళ్లీ దాని డిక్కీలోనే పెట్టాను.