హగరి వంతెన మీంచి పారేసిన మాత్రలు

ఇన్నేళ్ళుగా కక్కలేక మింగలేక మోస్తున్న మాట ఒకటుంది. నా భార్యకు చెప్పాల్సింది. మీకు చెబుతున్నాను. పిరికివాణ్ణి, ఏం చేయను?

అప్పటికి మాకు పెళ్ళయి రెండేళ్ళు. బళ్ళారి బజారులో ఇత్తడి సామాన్ల అంగడి, వెనకే ఇల్లు, ఇంటినిండా జనం. సరుకు కోసం హుబ్బళ్ళి వెళ్ళినప్పుడు లాడ్జిలో ఒకామెతో గడిపాను. ఏ జాగ్రత్తా తీసుకోలేదు. తిరిగొచ్చిన కొన్నాళ్ళకు మర్మాంగం మీద దురద, మంట, ఎర్రటి దద్దుర్లు. అంగట్లో కూర్చోలేను, లేవలేను. దొంగకు తేలు కుట్టినట్టయింది. భార్యను దూరం పెట్టాలంటే కారణం చెప్పాలి కదా, అందుకని పెట్టలేదు. ఎంత నీచం! ఆమెకూ మొదలైంది.

బళ్ళారిలో డాక్టర్లందరూ మావాళ్ళకు తెలిసినవాళ్ళే. గుంతకల్లు పోయి చూపించుకున్నాను. ఆ డాక్టరు ఇద్దరికీ మాత్రలిచ్చి, మీ ఆవిడ కూడా మింగాల్సిందేనని గట్టిగా చెప్పాడు. తిరుగు రైలు హగరి వంతెన మీదికి రాగానే ఆమె పొట్లాన్ని కిటికీలోంచి ఏట్లో పారేశాను. ఎందుకు? ఇవేం మాత్రలని ఆమె అడుగుతుందేమోనని, అడిగితే నా మొహం చూసి ఇంటిల్లిపాదీ కనిపెడతారేమోనని, ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ఆమె ఒంటిని మంటకు వదిలేశాను.

చర్మానికి ఏదొచ్చినా నాగదోషమేనంటుంది మా అమ్మ. కోడలిచేత తడిబట్టలతో నాగులకట్ట చుట్టూ ప్రదక్షిణలు చేయించింది. ఆ తడిబట్ట ఒరిపిడికి మంట ఇంకా పెరిగింది. నేను పాలచెంబు పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

ఒకరోజు మిద్దె మీద బట్టలారేస్తూ అడిగింది.

"ఏమండీ, మీకూ అట్లే ఉండాదని చూసినా. నా దోషమే మీకు తగులుకునిందేమో?"

కాదనడానికి ఎంతసేపు?

"ఏమో, అయ్యుండొచ్చు. యాడా అనొద్దులే," అన్నాను.

వంగి నా కాళ్ళకు దండం పెట్టింది. పెట్టించుకున్నాను.

నాకు తగలకూడదని ఆ రోజే పక్క వేరు చేసుకుంది. నాకు మాత్రలతో తగ్గిపోయింది. ఆమె ఏవేవో లేపనాలు రాసుకుంటూ నెలల తరబడి బాధపడింది.

మొన్న వంటింట్లో తన చెల్లెలితో చెబుతుంటే విన్నాను. "మా ఆయన దేవుడే. నా రోగం ఆయనకు అంటించినా ఒక్క మాట అన్లేదు."

లోపలికి పోయి చెప్పాల్సింది. చెప్పులేసుకుని అంగడికి వచ్చేశాను.

ఆమె నాకేమీ అంటించలేదు. అంటించింది నేను. ఈ మాట నాలో నేనైనా ఇంతవరకు అనుకోలేదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆమెకు మాత్రం ఇంకా తెలీదు.