పద్మిని కారు రబ్బరు బుష్‌లు

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో జగన్నాధం షెడ్డు పెట్టి ముప్పై రెండేళ్లయింది. తండ్రికి మెట్టలో చోడి, నువ్వులు పండేవి. ఇతను మాత్రం దుక్కికి రమ్మంటే తప్పించుకుపోయి లారీల కింద దూరిన మనిషి. లారీ, జీపు, ట్రాక్టరు, ఏది తెచ్చినా "ఒగ్గీసి ఎల్లండి, సూస్తాను" అనడమే తప్ప తన వల్ల కాదన్నది లేదు. అటువంటివాణ్ణి పిడికెడు లేని రబ్బరు బుష్‌లు మూడు నెలలుగా ఏడిపిస్తున్నాయి.

కారు బాలసరస్వతిది. వీణ నేర్పుతుంది ఆవిడ. తండ్రి కొన్న పాత పద్మినిని అరవై దాటాక కూడా తనే నడుపుకుంటూ ఆదివారం ఆదివారం అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్లి వస్తుంది. గుంటలో దిగినప్పుడల్లా ముందు వైపు కిర్రుమంటోందని కార్తీకంలో షెడ్డుకి తెచ్చింది. విప్పి చూస్తే, ముందు చక్రాలని పట్టి ఉంచే ఇనప ఆర్ములు పైకీ కిందికీ ఆడే చోట, కుదుపు తగలకుండా వేసే బుష్‌ల రబ్బరు పొడిపొడిగా రాలింది. తుప్పుతో అతుక్కుపోయిన పాతవాటిని కాల్చి, కొట్టి, చేతివేళ్లు చెక్కుకుపోయాక గానీ ఊడదీయలేకపోయాడు. కొత్తవి తెప్పించి వేస్తే ఇరవై రోజుల్లో చిరిగిపోయాయి. నకిలీ సరుకు అంటగట్టావని పంపినవాణ్ణి ఫోన్లో నానా తిట్లూ తిట్టి, ఇంకో రకం తెప్పించి వేశాడు. నెల తిరక్కుండా కారు మళ్లీ వచ్చింది.

"మొదట ఎడమపక్క చప్పుడు మొదలైంది జగన్నాధం. నిన్నటి నుంచి కుడిపక్క కూడా," అంది బాలసరస్వతి. "ఎల్లుండే రథసప్తమి."

"కొత్తవే ఏసేను కదమ్మా. మీరు గుంటలు సూడకుండా తోలేస్తన్నారేటో."

"అదే రోడ్డు, తోలేదీ నేనే. మారినవి నువ్వేసిన బుష్‌లే."

జగన్నాధానికి ఒళ్లు మండింది. తాళాలు తీసుకుని కారు షెడ్డులోకి తోలాడు.

మధ్యాహ్నం భార్య తవిటమ్మ క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టింది. "కూడు సల్లారిపోతంది మావా."

"నాకొద్దు. అట్టుకుపో."

"రబ్బరు మీద కోపం నామీద సూపిస్తావేటి?" అని క్యారేజీ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

అతను జాకీ ఎక్కించి కుడి చక్రం వెనక్కి తొంగిచూశాడు. చిరుగు ఉంది గానీ రబ్బరు తిన్నగానే ఉంది. జాకీ కొంచెం ఒరిగిందని, సరిగ్గా పెట్టడానికి కిందికి దించాడు. దిగుతుంటే కిర్రుమంది. చక్రం నేలకి ఆనాక వీపు మీద పాకి కిందికి వెళ్లాడు. అదే రబ్బరు ఇప్పుడు తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉంది. స్పానర్ పెట్టి నట్టు వదులు చేశాడు. టక్కుమని బుష్ తనంతట తానే తిరిగి తిన్నగా కూర్చుంది.

అతను అక్కడే మట్టిలో పడుకుని ఉండిపోయాడు. రెండుసార్లూ చక్రాలు గాల్లో వేలాడుతుండగానే నట్లు బిగించేశాడు. లారీల ఇత్తడి బుష్‌లు గ్రీజులో తిరుగుతాయి, ఎలా బిగించినా పరవాలేదు. ఇవి తిరగవు. నట్టు పట్టేసిన చోటే నిలబడి, కారు బరువు దిగగానే మెలిపడి, అలాగే నలిగి చిరుగుతాయి.

పాకి బయటికొచ్చి బాలసరస్వతికి ఫోన్ చేశాడు. "సరుకు మంచిదేనమ్మా. బిగించడమే నాకు రాలేదు."

"ఎల్లుండికి అవుతుందా?"

"అవదమ్మా. ఇవి పనికిరావు, కొత్తవి రావాలి."

"అయితే ఆమదాలవలస దాకా రైల్లో పోయి, అక్కణ్ణుంచి బస్సెక్కుతాను," అని పెట్టేసింది.

తర్వాత, తను తిట్టిన మనిషికి చేశాడు. మూడుసార్లు మోగింది, ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, ఇతని గొంతు వినగానే కట్ చేశాడు. బుష్‌లు వేరేచోట నుంచి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఈసారి చక్రాలు నేల మీద ఉంచి, పడుకోడానికి కింద మట్టి తవ్వుకుని, మెడ పట్టేసేదాకా ఒక్కో నట్టూ బిగించాడు.

బాలసరస్వతి రైలు గేటు దాకా కారు నడిపి తిరిగి తీసుకొచ్చి, "చప్పుడు లేదు," అంది.

"నెల పోనీండమ్మా," అన్నాడు జగన్నాధం విసుగ్గా, చేతులు తుడుచుకుంటూ. "అప్పుడు సెప్పండి."