షాండీన్ తొలి నవ్వు

మీరు మా చిన్లీ ఊరి ఎర్విన్ తాతను కలిసి తీరాలి! స్కూలు బస్సుల రిపేరులో ఆయనకు సాటి లేరు. అమెరికా ఆదివాసులమైన మా నవాహోల్లో పసిబిడ్డను మొదట నవ్వించినవాళ్లే విందు పెట్టాలి, వాళ్ల గుణమే బిడ్డకు వస్తుందంటారు. అందుకే మునిమనవరాలు షాండీన్ పుట్టాక తాత రెండు నెలలు ఉయ్యాల దగ్గరికే రాలేదు. ఆయన చిన్నప్పుడు సర్కారు హాస్టల్ బడిలో మా నవాహో భాష మాట్లాడితే నోట్లో సబ్బు కుక్కేవారు. ఆ భయానికి ఆయన నోట మా భాషే పోయింది, ఇంగ్లీషే మిగిలింది. "నా మూగతనం దానికెందుకు?" అనేవాడు.

మొన్న ఆయన గట్టిగా తుమ్మేసరికి షాండీన్ మొదటిసారి కిలకిలా నవ్వింది. చూసింది ఆయన చెల్లెలు ఎల్వీనా ఒక్కతే.

"నువ్వే నవ్వించావని చెప్పవే. నీకు భాషొచ్చు కదా!"

"బాగుంది అన్నయ్యా! తుమ్మింది నువ్వు, గొర్రెను కోయాల్సింది నేనా?"

తాత ఇక తప్పించుకోలేదు. బిడ్డకు ఇచ్చే గుణం రావాలని, మా ఆనవాయితీ ప్రకారం విందులో షాండీన్ చేత్తో అందరికీ ఉప్పు పెట్టించాడు. మా భాషలో దీవెన మాటలు చెల్లెలు ఒక్కొక్కటే అందిస్తుంటే తప్పుల తడకగా పలికాడు. పిల్లలు పకపకా నవ్వారు. అయినా చివరిదాకా ఆపలేదు.

మీరైతే ఆ తుమ్ము సంగతి చెప్పేవారా, దాచేవారా?