తాత రాయికి తలంటు

ఆ రోజుల్లో, అంటే హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగంలో కొత్తగా చేరి, మెడలో ఐడీ కార్డుతో కూరగాయల బండి దగ్గరికి కూడా వెళ్లే రోజుల్లో, నేను పరీక్షించందే ప్రపంచంలో ఏదీ సరిగ్గా పనిచేయదని గట్టి నమ్మకం ఉండేది. (ఇంట్లో నా పేరు 'చెకింగు'. అన్నం ఉడికిందా అని మాటిమాటికీ మూత తీసేదాన్ని.) అలాంటి నా చేతికి మా తాత సమాధి రాయి చిక్కింది.

శేరిలింగంపల్లి వైపు మా పొలం పోగా మిగిలిన కాస్త జాగాలో, రెండు అద్దాల మేడల మధ్య తాత పడుకుని ఉన్నాడు. తలాపున పాలరాయి. కొడుకుల మీద నమ్మకం లేక బతికుండగానే చెక్కించి పెట్టుకున్నాడట. ఏళ్ల తరబడి నాచూ దుమ్మూ పట్టి అది మాడిన అట్టులా తయారైంది. పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు చుట్టాలంతా వస్తారు కదా, "ఇగ దాన్ని పీకేసి గ్రానైట్ పెట్టిద్దాం, తోముడు లొల్లి ఉండదు" అన్నాడు పెద్దనాయన. నాయనమ్మ ముఖం చిన్నబోయింది. "ఆయన ఏరికోరి తెచ్చుకున్న రాయిరా. అది తీస్తే నా పానం తీసినట్టే" అంది. పండుగలోపు తెల్లబడితే సరే, లేకుంటే తీసుడే అని తేల్చేశాడాయన.

నాయనమ్మ వెంటనే చింతపండు నానబెట్టింది, ఇత్తడి బిందెకు పనికొచ్చేది మొగుడికి పనికిరాదా అని. పెద్దనాయన బాత్రూం కడిగే యాసిడ్ సీసా తెచ్చాడు. నేను అడ్డం పడి, వంటింటి గట్టు వేయగా మిగిలిన పాలరాతి ముక్క మీద ఆ యాసిడ్ కాస్త చల్లాను. బుస్సున నురగ లేచింది. తుడిస్తే నునుపు పోయి గరుకు మిగిలింది. చింతపండైనా నిమ్మకాయైనా పులుపు పాలరాయిని తినేస్తుందని నేను ఉపన్యాసం మొదలుపెడితే, నాయనమ్మ ఆ నురగనే చూస్తూ "కోపమొస్తే మీ తాత గూడ గిట్లనే బుసకొడుతుండె" అని మురిసిపోయింది.

సెలవు అడిగితే మా టీమ్ లీడ్ (గోదావరి జిల్లాల మనిషి) నన్ను ఎగాదిగా చూశారు. "సెలవు కోసం అందరూ తాతల్ని చంపుతారండి. మీరు తోముతానంటున్నారు. ఇది నిజమే అయ్యుంటుంది, వెళ్లండి" అన్నారు.

ఉత్త నీళ్లు, మెత్తని బ్రష్షు, నాచు తీయడానికి వెదురు పుల్ల, అంతే. ఇనుప పీచుకూ బ్లీచింగుకూ ప్రవేశం లేదు. ముందు వెనకవైపు ఓ మూల రుద్ది చూసుకుని, రాయంతా బాగా తడిపి, కింది వరస చివరికని వదిలేసి పైభాగం మొదలుపెట్టాను. పక్క మేడ అద్దాల వెనక జనం కాఫీ కప్పులతో గుమిగూడారు. నల్లటి నీళ్లు కారి కారి, చివరికి తాత పేరు మల్లెపువ్వులా బయటపడేసరికి నేను గంతులు వేశాను. పెద్దనాయన మాత్రం ఎందుకో గాబరా పడుతూ "ఇగ సాలు బిడ్డా, కింద తోమకు" అన్నాడు. తోమకంటే చెకింగు ఊరుకుంటుందా? కింద ఎప్పుడో పూసిన సున్నం తడిసి, పుల్ల తగలగానే పెచ్చులుగా ఊడింది. దాని కింద నాయనమ్మ పేరు ఉంది. 'భార్య' అని ముందు చెక్కించి మరీ.

పెద్దనాయన తల దించుకున్నాడు. "బతికున్న మనిషి పేరు సమాధి మీద ఏందని నేనే సున్నం కొట్టిన. అమ్మకు తెలిస్తే పరేషాన్ అయితదని. గందుకే గ్రానైట్ అన్న."

నాయనమ్మకు చదువు రాదు. ఏం రాసుందని నన్నే అడిగింది. చదివి వినిపించాను. ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఒకటొకటీ తడిమి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

"బస్సుల ఏనాడన్న కిటికీలకెళ్లి దస్తీ రుమాలేసి నాకు సీటు ఆపిండా? తాను కూసునేటోడు, నేను కడ్డీ పట్టుకొని నిలబడేది. గిప్పుడు చూడు, ఎంత ముందుగాల ఆపిండో."

గ్రానైట్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆమె తాత పక్కన ఆ సీట్లో కూర్చుని ఇప్పటికి కొన్నేళ్లయింది. పెత్రమాస ముందు బకెట్టూ బ్రష్షూ పట్టుకుని ఇప్పటికీ వెళ్తాను, కాకపోతే కింద కూర్చుంటే లేవడానికి ఆ రాయే ఆసరా కావాలి. రెండు పేర్లూ తడుపుతుంటే నాయనమ్మ ఆయనతో "జర జరుగు" అంటున్నట్టే ఉంటుంది. ఈ నడివయసావిడ రాయిని చూసి ఎందుకు నవ్వుతోందో పక్క మేడవాళ్లకు ఎప్పటికీ అర్థం కాదు.