కురుమమ్మ రెండు చేతులకు రెండు వాచీలు

కోఠిలో పాత పుస్తకాలు తిరగేద్దామని చిక్కడపల్లి నుంచి నడుస్తున్నాను. పైన మెట్రో పోతూనే ఉంది. ఎక్కితే రెండు స్టేషన్లు. కానీ రైల్లో ఎవరి ఫోన్లో వాళ్ళు మునిగి ఉంటారు, నాలాంటి వాడికి ఒక్క మాటా దొరకదు. నారాయణగూడ చౌరస్తా ఇంకా రానే లేదు, మెట్రో స్తంభం నీడలోంచి ఒకావిడ అడ్డం వచ్చి, రంగుల కాగితం ఒకటి నా ముక్కు కింద పెట్టింది.

"పెద్దసారూ, అద్దాలు పెట్టుకున్నవ్ గదా, జర ఇది సదివి చెప్పు. ఈ రెండిట్ల ఏది మంచిది?"

కాగితం మీద రెండు స్మార్ట్‌వాచీల బొమ్మలు. ఒకటి సన్నగా, గుండ్రంగా, బంగారు అంచుతో ఉంది. రెండోది నల్లగా, మందంగా, పక్కన ఒక బొత్తాంతో. ధర రెండింటికీ ఒకటే. యాభై దాటిన మనిషి, కొంగు బిగించి దోపింది, మణికట్ల మీద ఆరిన సిమెంటు విభూతి పూసినట్టుంది. వాచీ ఎందుకని అడిగితే, ముందు పక్కనున్న స్తంభాన్ని అరచేత్తో చరిచింది.

"దీనికి గూడ ఎవరో ఒకరు నీళ్ళు పట్టిండ్రు సారూ. గట్ల పట్టిండ్రు గాబట్టే గింత రైలు మోస్తున్నది."

పేరు కురుమమ్మ. పాలమూరు జిల్లా, మక్తల్ దగ్గరి పల్లె. ఇరవై ఏళ్ళు తల మీద ఇటుకలు, కంకర మోసింది. అందులో పదేళ్ళు కాంక్రీటు కలిపే మిషను పక్కనే నిలబడింది. ఆ హోరుకి చెవులు సగం పోయాయి. ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఆరంతస్తుల బిల్డింగు లేస్తోంది, దానికి నీళ్ళు పట్టడం ఆమె పని. ఆ బిల్డింగు కిందే రేకుల గది, అదే ఇల్లు.

సిమెంటు ఎండితే గట్టిపడుతుందని మనబోటి వాళ్ళం అనుకుంటాం. అది తప్పు. తడిగా ఉంటేనే గట్టిపడుతుంది. స్లాబు మీద చుట్టూ చిన్న గట్లు పోసి, వరి మడిలా నీళ్ళు నిలబెడతారు. "మా ఊర్ల మడి కట్టనీకి నీళ్ళు లేకపాయె, ఈడికొచ్చి ఆకాశంల మడి కడుతున్న" అని నవ్వింది కురుమమ్మ. స్తంభాలకు ఆ వీలు లేదు. గోనెపట్టాలు చుట్టి, ఎండాకాలంలో మూడు గంటలకొకసారి తడపాలి. ఒక్క పూట తప్పినా వెంట్రుకంత పగుళ్ళు లేస్తాయి.

ఆమె ఆ పూట తప్పింది. ఎలా తప్పిందో ఆమె నోటే వినాలి.

"పక్క గల్లీల బడి ఉన్నది. దాని గంట మా ఆరో అంతస్తుకు గూడ ఇనొస్తది, నా చెవులకు గూడ. పొద్దుగాల గంటకు నీళ్ళు, ఇంటర్వెల్ గంటకు నీళ్ళు, అన్నం గంటకు, ఇడిసిపెట్టే గంటకు. బిల్డింగు మొదలైన సంది గదే నా గడియారం. ఆదివారం అయితె మా బిడ్డ అనిత ఇంటికాడుంటది, యాది చేస్తది. మొన్న పొద్దుగాల గంట కోసం కూసున్న. రాలే. మల్ల కూసున్న. రాలే. అయ్యో, నా చెవులు మొత్తం పోయినయని ఏడ్సుకుంట కూసున్న సారూ! పొద్దుమూకినంక అనిత వచ్చి చెప్పింది, ఎండాకాలం సెలవులిచ్చిండ్రని!"

చెప్పి తనే పకపకా నవ్వింది. ఆ నవ్వు వెనక ఐదో అంతస్తులో నాలుగు స్తంభాలు పగుళ్ళిచ్చాయి. సైటు ఇంజనీరు బాలకిషన్ వేలితో ఆ గీతలు తడిమి చూసి, "పెద్దమ్మా, ఇంకొక్కపారి ఎండితె వేరేటోళ్ళను పెట్టుకుంట" అన్నాడట. అతన్ని తప్పుపట్టలేం, రేపు ఆ స్తంభాల మీద పిల్లాపాపలు కాపురముంటారు. కానీ పని పోతే కురుమమ్మకు ఆ రేకుల గదీ పోతుంది. అనిత కవాడిగూడలో మందుల దుకాణంలో చేస్తుంది. ఆ అమ్మాయే చేతికి అదురుతూ గుర్తుచేసే వాచీ కొనుక్కోమంది. సన్నదే తీసుకోమని కూడా చెప్పింది. అందులో అయితే తను ఫోన్ చేస్తే చేతి మీదే మాట్లాడొచ్చట.

కాగితం చదివి నేనూ సన్నదానికే ఓటేశాను. అద్దం పెద్దది, హంగులు ఎక్కువ. నా మాట వినీ విననట్టు, "నడువు, సూద్దం" అంది. కోఠి పుస్తకాలు ఎక్కడికీ పోవు కదా. నడిచాను.

నారాయణగూడలో ఆ కాగితం వేయించిన దుకాణం సాయిచైతన్యది. తాత ఎప్పుడో భీమవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడట. మనవడి మాటలో ఇంకా గోదావరి పోలేదు. "ఈ గుండ్రందాంట్లో గుండె కొట్టుకోవడం చూపిస్తుందమ్మా, ఎన్ని అడుగులేశారో రెండూ లెక్కపెడతాయండి" అని మొదలెట్టాడు.

"నా అడుగులు లెక్కవెట్టి దానికేం పని బిడ్డా? ఫోను తడుస్తదని కింద రేకుల గదిల పెడ్త, నేను ఆరో అంతస్తుల ఉంట. అనిత ఫోన్ చేస్తె ఇండ్ల మాట్లాడొస్తదా?"

సాయిచైతన్య తల గోక్కున్నాడు. "అంత దూరమైతే కష్టమేనండి. ఫోను దగ్గర్లో ఉండాలి."

"అయితె గా ముచ్చట ఇడువు. అలారం మోగితె ఎట్ల బంద్ చెయ్యాలె?"

అతను అద్దం మీద వేలితో గీసి చూపించాడు. కురుమమ్మ గీసింది. కదల్లేదు. నొక్కింది, రుద్దింది. వాచీ తన మానాన తాను అదురుతూనే ఉంది. సిమెంటు తిని తిని ఆమె వేళ్ళు చెక్కలా తయారయ్యాయి.

"రేషన్ దుకాన్ల మిషను గూడ గిట్లనే సతాయిస్తది. నా ఏలు దానికి మనిషి ఏలు లెక్క కానొస్తలేదు. కన్ను సూపిస్తె గాని బియ్యం ఇయ్యరు. దీనికి గూడ కన్ను సూపియ్యాల్నా ఏంది?"

"తడి చెయ్యండమ్మా, పనిచేస్తుందేమో" అన్నాడు సాయిచైతన్య ఆశగా. ఆమె బాటిల్లో నీళ్ళతో వేలు తడిపి గీసింది. ఈసారి అద్దం ఆగకుండా గంతులేసింది. ఒకసారి వాతావరణం, ఒకసారి పాటలు, ఆఖరికి ఆ వాచీతో జతచేసి గల్లా పెట్టె మీద ఉంచిన సాయిచైతన్య ఫోను దానంతటదే ఫోటో తీసుకుంది. ఫోటోలో సగం ఫ్యాను, సగం నా బట్టతల.

మందపు దానికి బొత్తాం ఉంది. నొక్కింది, ఆగింది. అయినా ఆమె అక్కడితో తేల్చలేదు.

"నీళ్ళు పట్టేటప్పుడు పైపు చేతిల గుంజుతది, అదురుతది. గా అదురుల ఇది నాకు తెలుస్తదా?"

దుకాణంలో ఒక మూల పాత స్టాండు ఫ్యాను గడగడ వణుకుతోంది. కురుమమ్మ సన్నదాన్ని కుడిచేతికి, మందందాన్ని ఎడమచేతికి పెట్టించుకుని, రెండు చేతులతో ఫ్యాను కాడను గట్టిగా పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. "రెండూ ఒక్కపారే మోగియ్యి. ఏ చెయ్యికి తెలిస్తె గా చెయ్యి లేపుత."

ఎడమచెయ్యి లేచింది. కుడిచేతి మీది వాచీ పాపం అదురుతూనే ఉంది, ఆమెకి తెలియనే లేదు.

"అదిగో, తేలిపోయింది" అన్నాను.

"ఎట్ల తేలుతది సారూ? కుడిచెయ్యి పని చేసి చేసి మొద్దువారింది. మార్చి సూడాలె."

నా జీవితంలో ఎన్నో పుస్తకాలు చదివాను. ప్రయోగం ఎలా చెయ్యాలో పేజీలకు పేజీలు రాసిన పెద్దలున్నారు. వాళ్ళు చివరికి చెప్పేదంతా ఆ ఒక్క మాటే: మార్చి చూడు. వాచీలు మార్చారు. ఈసారి కుడిచెయ్యి లేచింది.

"గీ మొద్దుదే నాది" అంది కళ్ళు తెరవకముందే. నేను ఓటేసింది ఓడిపోయిన దానికని నాకు గుర్తుచెయ్యలేదు. అంత మర్యాద ఉంది మనిషిలో.

దాన్ని మళ్ళీ ఎడమచేతికి మార్చుకుంది. సాయిచైతన్య ఏడు, పది, ఒకటి, నాలుగు గంటలకు అలారాలు పెట్టాడు. "ఇయ్యాల నాలుగింటిది మూడున్నరకే పెట్టు బిడ్డా, అశోక్‌నగర్ దాంక నడువాలె" అంది.

"ఆటో ఎక్కచ్చు కదమ్మా?"

"అడుగులు లెక్కవెడతదన్నవ్ గదా. ఉత్తగ కూసోనెందుకియ్యాలె దాన్ని?"

బయట చాయ్ బండి దగ్గర ఇద్దరం చెరో కప్పు పట్టుకున్నాం. మనసు ఉత్సాహంగా ఉంది, నాకు పాత కాలం గుర్తొచ్చింది. "నీకో సంగతి చెప్తాను కురుమమ్మా. ఒకప్పుడు నీళ్ళతోనే కాలం కొలిచేవారు. రాగి గిన్నెకు అడుగున సన్నని బెజ్జం చేసి, నీళ్ళ తొట్టిలో వదిలేవారు. నీళ్ళు మెల్లగా ఎక్కుతూ ఎక్కుతూ గిన్నె మునిగిందంటే ఒక గడియ. కనిపెట్టి కూర్చునే మనిషి వెంటనే గంట కొట్టి, గిన్నె తీసి మళ్ళీ..."

ఆమె శ్రద్ధగానే వింటోంది, చెవి నా వైపు వంచి. ఉన్నట్టుండి ఎడమచెయ్యి వైపు చూసుకుంది. నాకేమీ వినబడలేదు. బొత్తాం నొక్కింది. సగం చాయ్ ఉన్న కప్పు బండి అంచు మీద పెట్టింది. కొంగు మళ్ళీ బిగించింది.

గిన్నె సగం మునిగిన చోట నేను నోరు తెరుచుకునే ఉన్నాను. కురుమమ్మ అప్పటికే రోడ్డు దాటి, మెట్రో స్తంభాల నీడలు ఒక్కొక్కటే దాటుకుంటూ, చిక్కడపల్లి వైపు గబగబా నడిచిపోతోంది.