రాజనర్సు వేసిన బతికున్నవాడి బొమ్మ

కోరుట్లలో రాజనర్సు గడప తొక్కినవాళ్ళంతా ఏడ్చి వచ్చినవాళ్ళే. పోయినవాళ్ళ చిన్న ఫోటో తెచ్చిస్తే, దినాల నాటికి పెద్ద బొమ్మ వేసిచ్చేవాడు. కడిగినట్టు తేటగా ముఖం, నున్నగా దువ్విన తల, నుదుట బొట్టు, వెనక లేత నీలం. ఊళ్ళోకి ఫ్లెక్సీ మిషన్లు వచ్చి ఆ పనిని కాస్తా మింగేశాయి. కుంచెలు మూలన పడేసి ఖతర్ వచ్చాడు, లుసైల్‌లో ఒక కంపెనీ ఫైర్ టీంలో చేరాడు.

ఖతర్ మీదికి మిస్సైళ్ళు వస్తున్న యుద్ధం రోజుల్లో, ఆకాశంలోనే పేల్చేసిన మిస్సైల్ ముక్క ఒకటి కంపెనీ చెక్కల యార్డులో పడి మంటలు లేచాయి. రాజనర్సూ, అతని ఊరివాడే అయిన తిరుమలూ, ఇంకో ముగ్గురూ రెండు గంటలు పైపులు పట్టి ఆర్పారు. ఎవరికీ ఏమీ కాలేదు. తిరుమల్ ఫోన్ మాత్రం కాలి ముద్దయింది.

మర్నాడు డ్యూటీ లేదు. ఎన్నేళ్ళ తర్వాతో రాజనర్సు చేతులు ఊరుకోలేదు. ప్లైవుడ్ ముక్క మీద, సైట్లో మిగిలిన రంగులతో తిరుమల్ బొమ్మ వేశాడు. భలే కుదిరిందని మురిసిపోయి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. బుద్ధి ఉండాలి కదా!

పావుగంటలో తిరుమల్ భార్య పుష్ప ఫోన్ చేసింది.

"అన్నా, మా ఆయన బొమ్మ నువ్వెందుకేసినవ్? నిన్నటి సంది ఫోన్ కలుస్తలేదు. నిజం చెప్పు."

వెనక ఆడవాళ్ళు శోకాలు పెడుతున్నారు. రాజనర్సు అప్పుడు చూసుకున్నాడు తన బొమ్మను. నీలం, బొట్టు, దువ్విన తల. పరుగెత్తి బాత్రూం తలుపు బాదాడు.

"బయటికి రా తిరుమల్! నువ్వు సచ్చినవనుకుంటుంది నీ పెండ్లాం!"

ఒంటినిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని వచ్చిన మొగుణ్ణి వీడియోలో చూసి పుష్ప ముందు ఏడ్చింది, తర్వాత ఇద్దరినీ కలిపి తిట్టింది. రాజనర్సు తల దించుకుని అన్నీ పడ్డాడు.

సాయంత్రం కూర్చుని బొట్టు తీసేశాడు, నీలం మీద పొగ పూశాడు. మసి పట్టిన ముఖం, దగ్గుతూ తెరిచిన నోరు, చేతిలో పైపు. యార్డులో తను పక్కన నిలబడి చూసిన తిరుమల్ ఇతనే. ఇరవై ఏళ్ళ పనిలో బతికున్నవాడి బొమ్మ వేయడం ఇదే మొదలు. తెరిచిన నోట్లో పళ్ళెలా వేయాలో కూడా తెలియక తంటాలు పడ్డాడు.

భయం భయంగానే పుష్పకు పంపాడు. ఆమె చాలాసేపటికి ఫోన్ చేసింది.

"గిది మా ఆయననే."

"పార్సిల్ పంపాల్నా చెల్లె? గోడకు పెట్టుకుందువు."

"వద్దన్నా. బొమ్మ పట్టుకొని ఆయన్నే రమ్మను."