బాబాయి కారు, నా స్ప్రింగులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలైంది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఆ మధ్యకాలంలో మనిషికి వచ్చే ధైర్యం జన్మలో మళ్ళీ రాదు. ఎవరింట్లో మిక్సీ ఆగినా, ఎవరి చెరువు దగ్గర మోటారు మూలిగినా, పిలవకపోయినా వెళ్ళి సలహా చెప్పి వచ్చేవాణ్ణి. (పిలిచినవాళ్ళు రెండోసారి పిలవకపోతే అది వాళ్ళ మొహమాటం అనుకునేవాణ్ణి.) సరిగ్గా అప్పుడే మా బాబాయి కారు కూలబడింది.

ముందు ఆ కారు ఎందుకు కొన్నాడో చెప్పాలి. బాబాయికి కొల్లేరు ఒడ్డున చేపల చెరువులున్నాయి. నోరు పెద్దది, మనసు వెన్న. పిన్నికి వెన్నెముక ఆపరేషనయ్యాక, కుదుపులు తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. మా చెరువుగట్టు రోడ్డు మీద కుదుపుల్లేని ప్రయాణమా! పిన్ని ఏడాదికి పైగా గుమ్మం దిగలేదు. పెంటపాడులో వాళ్ళక్క, అంటే నాకు పెద్దమ్మ, పక్షవాతం వచ్చి మంచం మీద ఉంది. ఆవిడ రాలేదు, ఈవిడ వెళ్ళలేదు. రోజూ సాయంత్రం ఫోనులో అటునుంచి "ఓసారి నిన్ను చూడాలనుందే" అని ఒకావిడ, ఇటునుంచి "వస్తానక్కా, వస్తాను" అని ఇంకొకావిడ. అది విని విని తట్టుకోలేక బాబాయి హైదరాబాదు వెళ్ళి, పన్నెండేళ్ళు తిరిగిన ఓ విదేశీ కారు కొనుక్కొచ్చాడు. దానికి వెనక చక్రాల దగ్గర స్ప్రింగుల బదులు గాలి సంచులుంటాయి. గతుకులో పడ్డా లోపల కూర్చున్నవాళ్ళకి తెలియదు.

పెంటపాడు ప్రయాణానికి మంచిరోజు చూసేలోపే ఆ సంచులకి చిల్లులు పడ్డాయి. రాత్రి నిలబెట్టిన కారు తెల్లారేసరికి గేదె పడుకున్నట్టు నేలమీద పడుకునేది. "గాలి నిండితే లేస్తుందిలే, పళ్ళు తోముకొస్తాను" అని బాబాయి తాళం తిప్పి వెళ్ళేవాడు. ఒకరోజు ఆయన స్నానం, టిఫిను కూడా అయిపోయాయి గాని అది లేవలేదు. కొత్త సంచుల ధర కనుక్కుని, ఆ డబ్బుతో ఇంకో కారొస్తుందని ఫోను పెట్టేశాడు. పిన్ని మాత్రం "పోనిద్దురూ, అక్కతో రోజూ మాట్లాడుతూనే ఉన్నాగా" అంది. ఆ మాట విన్న ఊపులో అనేశాను: "బాబాయ్, గాలి తీసేసి ఇనప స్ప్రింగులు వేయించేద్దాం. లెక్కంతా నేను చూసుకుంటా."

విజయవాడలో స్ప్రింగులు చుట్టేవాళ్ళు వెనక చక్రాల మీద బరువెంతో చెప్పమన్నారు. కారుని మెల్లగా పాకించుకుంటూ వట్లూరు దగ్గర ధాన్యం లారీలు తూచే కాటా మీదికి ఎక్కించాం. కాటా ఆయన కిటికీలోంచి తొంగి చూసి, "ఖాళీ బండేనాండీ?" అన్నాడు. "ఖాళీయేనండి" అన్నాను నేను. బాబాయి కూడా తలూపాడు. డిక్కీలో మూడు తవుడు బస్తాలు, చెరువులో చల్లే సున్నం బస్తాలు రెండు ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. కానీ మా వైపు డిక్కీలో చేపల మేత లేని కారు ఎవరు చూశారు గనక? అవి మాకు బరువు కిందికి రావు, కారులో భాగం.

ఏలూరులో మేస్త్రి డిక్కీ ఖాళీ చేయించి, గాలి సంచులు పీకేసి స్ప్రింగులు బిగించాడు. జాకీ దించగానే కారు వెనకభాగం పైకి లేచి నిలబడింది. ఆయన చుట్టూ ఓసారి తిరిగి, "ఏవండీ ఇంజనీరు గారూ, ఇవి కారుకి చెప్పారా, ట్రాక్టరు తొట్టికి చెప్పారా?" అన్నాడు. "కొత్తవి కదండీ, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటాయి" అన్నాను. బాబాయి ఇంటికెళ్ళి బస్తాలు ఎప్పట్లాగే డిక్కీలో పడేశాడు, కారు చక్కగా సర్దుకుంది. నా గొప్ప ఇక చెప్పనలవి కాదు.

ప్రయాణం రోజున బాబాయి, పాపం, ప్రేమకొద్దీ కారు కడిగించి, బస్తాలు చెరువు దగ్గర దింపించి, వెనక సీటు మీద పరుపు వేశాడు. నేను డ్రైవింగు. మొదటి తూము మీద కారు ఎగిరిపడింది. పిన్ని "అమ్మా!" అంది. రెండో గతుక్కి పెదవి కొరుక్కుంది. అద్దంలో ఆవిడ మొహం చూశాక నా కళ్ళకి బస్తాలు కనబడ్డాయి. కారాపి, కాటా మీద బస్తాల బరువూ కలిసిపోయిందని, అందుకే స్ప్రింగులు ఇంత గట్టిగా వచ్చాయని చెప్పేశాను. నా జీవితంలో తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. బాబాయి ఎత్తుకున్న తిట్లకి గట్టు మీద కొంగలు లేచిపోయాయి. (కొన్ని నా డిప్లొమాకి, కొన్ని అది ఇచ్చినవాళ్ళకి.) "వెనక్కి తిప్పరా!" అన్నాడు. పిన్ని ఒక్కటే మాట అంది: "ఇప్పుడు వెనక్కి తిప్పితే మళ్ళీ ఈ జన్మలో కారెక్కనండీ. అక్కని చూడాలి."

నడకకన్నా నెమ్మదిగా వట్లూరు చేరి, కాటా పక్క మిల్లులోనే ఐదు తవుడు బస్తాలు డిక్కీలో వేయించాం. కారు వంగింది, మెత్తబడింది. ఉంగుటూరు దాటేసరికి పిన్ని నిద్రపోయింది. పెంటపాడులో అక్కాచెల్లెళ్ళు ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే మేం బయటికి వచ్చేశాం. ఈలోగా పెద్దమ్మ కోడలు డిక్కీ చూసి, తమ గేదెల కోసం తెచ్చారు కాబోలనుకుని బస్తాలన్నీ కొట్టంలోకి దింపించేసింది. పెద్దమ్మ ఒకవైపు పెదవితోనే నవ్వుతూ, "పుట్టింటి సారెలో తవుడు తెచ్చినదానివి నువ్వొక్కదానివేనే" అంది. పెట్టినవి తిరిగి అడగలేం కదా! మెత్తటి స్ప్రింగులు వచ్చేదాకా పిన్ని అక్కడే ఉండాలని తేలింది.

పెంటపాడు పక్కనే ఉన్న తాడేపల్లిగూడెంలో మిల్లులకేం తక్కువ? ఇంకో ఐదు బస్తాలు వేసుకుంటే సాయంత్రానికి ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ మాట నాకు తోచలేదు. బాబాయికి తోచిందో లేదో, ఆయన ఇప్పటికీ చెప్పడు.

కొత్త స్ప్రింగులు మూడో రోజునే వచ్చాయి. ఆ సంగతి చెప్పగానే పిన్ని ఫోనులో గొంతు తగ్గించి, "ఒరే నాన్నా, ఇంకా రాలేదని చెప్పు మీ బాబాయికి" అంది. వెనకనుంచి పెద్దమ్మ నవ్వు వినబడింది. పది రోజులపాటు బాబాయి అన్నానికి కూర్చున్నప్పుడల్లా "స్ప్రింగు తెప్పించడం కూడా చేతకాదట్రా నీకు!" అని తిడుతూనే ఉన్నాడు. ఆ ఏడాది వానలు పడకముందే పెద్దమ్మ పోయింది. ఇద్దరూ మళ్ళీ ఒక గదిలో గడిపింది ఆ పది రోజులే.

ఇప్పుడు ఏలూరులో నాకూ ఓ వర్క్‌షాపుంది. తెలియని విషయాలు ఏడాదికేడాది పెరుగుతున్నాయి. ఆనాటి సర్వజ్ఞుణ్ణి తలుచుకుంటే సిగ్గేస్తుంది. కానీ మంచం కింద కొత్త స్ప్రింగులు దాచుకుని, తిట్లన్నీ తింటూ, "అవును బాబాయ్, నాకు చేతకాదు" అని తలొంచుకున్న ఆ కుర్రాడు మాత్రం ఇప్పటికీ ముద్దొస్తాడు.